ఒకటి తక్కువ

ఆమె కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. దుకాణం వెనక చిన్న గదిలో కూర్చుని ఫ్రేములకు అద్దాలు బిగించడం ఆమె పని. ఆ రోజు ఒక పూట సెలవు పెట్టి, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరింది. భర్త బస్సు డ్రైవరు. తెల్లారకముందే డ్యూటీకి వెళ్లిపోయాడు.

చిన్నవాడికి తొమ్మిదేళ్లు. నెలలు నిండకుండా పుట్టాడు. ఏడాది దాటినా సరిగ్గా కూర్చోకపోతే డాక్టర్లు చూసి సెరిబ్రల్ పాల్సీ అన్నారు. తెలివికి లోటు లేదు, నోటికి అసలే లేదు. కాళ్లే వాడి మాట వినవు. మోకాళ్ల కింద కాళ్లను నిలబెట్టే ప్లాస్టిక్ స్ప్లింట్లు, చేతుల్లో రెండు ఊతకర్రలు, ఆ కర్రల టకటకకి తగ్గట్టు వాగుడు. ఇంట్లో వాణ్ని ఇప్పటికీ చంటీ అనే పిలుస్తారు.

కూతురికి పదకొండేళ్లు. చంటి పుట్టిన రోజు నుంచీ ఆ పిల్ల ఇంటిల్లిపాదికీ అక్క అయిపోయింది. తమ్ముడు అక్కా అంటాడు సరే, కన్నతండ్రి కూడా "అక్కా, నా కండువా ఎక్కడ పెట్టావ్?" అని అడుగుతాడు. నెమ్మదైన పిల్ల. ఒకసారి చెబితే రెండోసారి చెప్పక్కర్లేదని తల్లి దుకాణంలో తోటివాళ్లకు గొప్పగా చెప్పుకునేది.

ఆసుపత్రి పై అంతస్తులో ఒక గదిలో చంటిలాంటి పిల్లల కాళ్లను పరీక్షిస్తున్నారు. కాలిలో బలం ఎంతుంది, ఏ కండరం ఎప్పుడు పనిచేస్తోంది, ఎప్పుడు ఊరుకుంటోంది అని కొలుస్తారట. పోల్చి చూడడానికి ఏ ఇబ్బందీ లేని పిల్లలు కూడా కావాలిట. "వాళ్లక్క ఉందిగా అండీ, తనని కూడా తీసుకురండి" అని అక్కడి ఫిజియో ఫోన్ చేసింది. తల్లికి సంబరమేసింది. ఆసుపత్రి అంటే ఎప్పుడూ చంటి కోసమే. ఇన్నాళ్లకి కూతురు కూడా కావాలన్నవాళ్లు ఒకరు దొరికారు.

గది చిన్నదే. మధ్యలో ఎత్తయిన కుర్చీ, దానికి నడుము దగ్గరా తొడల దగ్గరా బెల్టులు. కుర్చీ ముందు ఇనుప కడ్డీకి మెత్తటి దిండు లాంటిది బిగించి ఉంది. పిల్లలు దాన్ని మోకాలి కింది భాగంతో ముందుకు నెట్టాలి. పక్కన బల్ల మీద కంప్యూటరు.

ఫిజియోకి పాతికేళ్లు మించి ఉండవు. ముందు చంటిని ఎక్కించుకుంది. తొడ ముందువైపూ వెనకవైపూ పిక్క మీదా స్పిరిట్‌తో తుడిచి, గుండ్రటి స్టిక్కర్లు అంటించి, వాటికి వైర్లు తగిలించింది.

"చల్లగా ఉంది బాబోయ్!" అని చంటి మెలికలు తిరిగాడు. "షాక్ కొడుతుందా?"

"కొట్టదు. మేం నీకు కరెంటు పెట్టం. నీ కండరంలోంచి వచ్చే కరెంటునే వింటాం" అంది ఫిజియో. "ఆ కనబడే అంకె నువ్వెంత గట్టిగా నెట్టావో చెబుతుంది. కింద ఈ పచ్చ గీత తొడ ముందు కండరం, ఈ నీలం గీత వెనకది. కండరం పనిచేస్తే గీత లావవుతుంది, ఊరుకుంటే సన్నబడుతుంది. అర్థమైందా? సరే, నెట్టు. ఇంకా, ఇంకా, ఇంకా!"

చంటి పళ్లు బిగించాడు. మెడ నరాలు తేలాయి. పచ్చ గీత గొంగళిపురుగులా ఉబ్బింది, దాని కిందే నీలం గీత కూడా ఉబ్బింది.

"చూశారా అండీ?" అని ఫిజియో తల్లిని దగ్గరికి పిలిచింది. "ముందు కండరం కాలిని చాపుతుంటే, వెనకది ఊరుకోకుండా లోపలికి లాగుతోంది. బాబు పడే కష్టంలో సగం అక్కడే పోతోంది."

"మా నాన్న చెబుతాడు, కొత్త డ్రైవర్లు బ్రేకు మీద కాలు పెట్టుకుని యాక్సిలేటర్ తొక్కుతారని" అన్నాడు చంటి రొప్పుతూ.

"అచ్చం అదే" అని ఫిజియో నవ్వింది.

మూడుసార్లు నెట్టించింది. అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది ఎనభై నాలుగు. చంటి దిగి, బెంచీ మీద అమ్మ పక్కన కూర్చుని, "ఎనభై నాలుగు! ఎనభై నాలుగు!" అని అక్క వైపు చూసి కళ్లెగరేశాడు. అక్క నవ్వి కుర్చీ ఎక్కింది.

అవే స్టిక్కర్లు, అవే బెల్టులు. "నెట్టు తల్లీ, ఇంకా, ఇంకా!" అంది ఫిజియో.

ఎనభై మూడు.

ఫిజియో అంకె రాసుకుంది. కాసేపాగి మళ్లీ నెట్టమంది. ఎనభై ఒకటి. మళ్లీ నెట్టమంది. ఎనభై మూడు. ఫిజియో లేచి దిండు సర్దింది, కడ్డీ మర బిగించింది, తన చేత్తో ఒకసారి నొక్కి చూసుకుంది. మెషీన్ బాగానే ఉంది.

"పాపకి ఎప్పుడైనా కాలు విరిగిందా అండీ? పెద్ద జ్వరం లాంటిది ఏమైనా?"

తల్లి గుండె గుభేలుమంది. చంటి సంగతి మొదట తెలిసిన రోజు కూడా డాక్టరు ఇలాగే, ఇదే మెత్తటి గొంతుతో ప్రశ్నలడిగాడు. "లేదమ్మా, ఏమీ లేదు. ఏం? దీనికి కూడా ఏమైనా ఉందా?" అంటూ ఆమె బెంచీ మీంచి లేచింది.

ఫిజియో స్క్రీన్ మీద గీతల్ని వెనక్కి జరిపి చాలాసేపు చూసింది. చివరికి కుర్చీ తిప్పుకుని, "పాప కాలికి ఏమీ లేదండీ" అంది. "ఈ పచ్చ గీత చూడండి, సగం కూడా ఉబ్బలేదు. బలం లేక రాకపోవడం వేరు, ఉన్నది వాడకపోవడం వేరు. పాప నెట్టట్లేదు, అంతే."

గుండె కుదుటపడిందో లేదో తల్లికి ఒళ్లు మండింది. అంత దూరం నుంచి బస్సులు మారి వచ్చి, ఒక పూట పని పోగొట్టుకుని, తీరా చూస్తే ఈ పిల్ల ఆటలాడుతోంది. పరాయి మనిషి ముందు తల కొట్టేసినట్టయింది.

"ఏమే, బుద్ధుందా నీకు? మేడం అంతలా చెబుతుంటే వేళాకోళంగా ఉందా? దేవుడు కాళ్లూ చేతులూ సరిగ్గా ఇచ్చినందుకు ఇదా నువ్వు చేసేది? పరువు తీస్తున్నావ్, నెట్టు!"

పిల్ల తల వంచుకుంది. మళ్లీ నెట్టింది. తల్లి ఈసారి అంకెను చూడలేదు, కూతుర్ని చూసింది. ఆ కళ్లు స్క్రీన్‌ని వదలడం లేదు. పెదవి కొరుక్కుని, ఊపిరి బిగబట్టి, నిండు గ్లాసు పట్టుకుని నడిచేవాళ్లలా ఎంతో జాగ్రత్తగా నెడుతోంది. అంకె ఎనభై రెండు దగ్గరికొచ్చి, ఎనభై మూడు దగ్గర నిలబడిపోయింది.

ఫిజియోకి కూడా అప్పుడే తట్టినట్టుంది. కంప్యూటరు స్క్రీన్‌ని తన వైపుకి తిప్పేసుకుంది. "ఇప్పుడు నెట్టు తల్లీ."

పిల్ల తడబడింది. కాస్త నెట్టి ఆగింది, మళ్లీ కాస్త నెట్టింది.

"నూట పన్నెండు" అంది ఫిజియో.

పిల్ల ముఖం పాలిపోయింది. బెల్టులు బిగించి ఉన్నాయన్నది కూడా మర్చిపోయి లేవబోయింది. "అది రాయకండి మేడం! ప్లీజ్ మేడం, అది కొట్టేసి ఎనభై మూడు అనే రాయండి."

"ఎందుకమ్మా?"

పిల్ల ఓరకంట బెంచీ వైపు చూసి, తమ్ముడికి వినపడదనుకుని గొంతు తగ్గించింది. "వాడికంటే ఒకటి తక్కువుంటే చాలు."

గది చిన్నది. చంటికి వినపడింది. వాడి చేతిలో బిస్కెట్ నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. తర్వాత ఊతకర్ర ఒకటి నేల మీద పడిన చప్పుడు, ఆ వెంటనే వాడి అరుపు.

"నువ్వు కావాలని ఓడిపోతున్నావా?"

"లేదురా..."

"మొన్న చెయ్యి వంచే పోటీలో? మేడ మీద ఊపిరి బిగబట్టినప్పుడు? బంతి గోలుకి కొట్టినప్పుడు? అన్నిసార్లూ నేనే గెలిచా కదే! అన్నీ ఉత్తుత్తివేనా? స్కూల్లో అందరికీ చెప్పుకున్నా, మా అక్క పెద్దదైనా నన్ను ఓడించలేదని. అందుకే నవ్వారా వాళ్లు?" వాడి ముఖం ఎర్రగా కందిపోయింది. ఏడుపు ఆపుకోవడానికి అరుస్తున్నాడు. కాళ్లు బిగుసుకుపోయి బెంచీ మీంచి జారబోతుంటే తల్లి పట్టుకోబోయింది. వాడు ఆమె చెయ్యి విసిరికొట్టాడు.

ఫిజియో పిల్ల తొడల మీది బెల్టులు వదులు చేస్తూ నెమ్మదిగా అడిగింది. "నీకిలా చెయ్యమని ఎవరు చెప్పారమ్మా?"

పిల్ల తలెత్తి తల్లిని చూసింది. ఒక్క క్షణమే. ఆ చూపులో కోపం లేదు, నింద లేదు. చెప్పనా వద్దా అని అడుగుతున్నట్టుంది. తల్లి నోరు తెరవలేదు.

"ఎవరూ చెప్పలేదు మేడం" అంది పిల్ల. "నేనే."

అమ్మయ్య అనుకుంది తల్లి. అనుకున్న మరుక్షణమే తన మీద తనకు అసహ్యం వేసింది. పదకొండేళ్ల పిల్ల తల్లి పరువు కాపాడడానికి అబద్ధం చెబుతుంటే, తను ఊపిరి పీల్చుకుంటోంది!

ఎవరూ చెప్పకపోవడమేమిటి? చంటి తప్పటడుగులు వేయాల్సిన వయసులో పొట్ట మీద దేకుతున్నప్పుడు, వాడి ఎదురుగా గెంతుతున్న మూడేళ్ల పిల్లను రెక్కపట్టి వంటింట్లోకి లాక్కెళ్లి, "తమ్ముడి ముందు గెంతకు, వాడు చూసి ఏడుస్తాడు" అన్నది ఎవరు? "వాడితో ఆడితే ఓడిపోవాలి, మంచి అక్కలు అలాగే చేస్తారు" అని జడలు వేస్తూ నూరిపోసింది ఎవరు? ఒకటి రెండుసార్లు పిల్ల మర్చిపోయి గెలిచింది. ఆ రాత్రి తల్లి దానితో మాట్లాడలేదు. అంతే, మళ్లీ ఎప్పుడూ గెలవలేదు. ఒకసారి చెబితే రెండోసారి చెప్పక్కర్లేని పిల్ల కదా.

"నీళ్లు తెస్తాను" అని తల్లి బయటికి వచ్చేసింది.

వరండా చివర నీళ్ల కుళాయి ఉంది. సీసా నిండి నీళ్లు పైనుంచి పొర్లి చేతి మీదుగా కారుతున్నా ఆమె కట్టలేదు. వెనక నిలబడ్డ ముసలాయన "అమ్మా, నిండింది" అన్నాడు. ఉలిక్కిపడి కట్టేసింది. ఈ మాట లోపలికి వెళ్లి చెప్పకుండా ఇంటికి వెళ్లిపోతే ఎవరికీ తెలియదు. కూతురు చచ్చినా చెప్పదు. ఆ సంగతి తలచుకుంటేనే ఆమెకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

తిరిగి వచ్చేసరికి చంటి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పిల్ల కుర్చీలోనే ఉంది. ఫిజియో ఏవో కాగితాలు సర్దుతోంది.

తల్లి గుమ్మంలోనే నిలబడి, "నేనే చెప్పాను" అంది. "మేడం, పాప కాదు, నేనే. చిన్నప్పటి నుంచీ వీడి చేతిలో ఓడిపోమని నేనే చెప్పాను. పాప తప్పేం లేదు."

ఫిజియో ఏమంటుందోనని ఎదురుచూసింది. నాలుగు మాటలని కడిగేస్తే బాగుండుననిపించింది. ఆ అమ్మాయి కాగితాలు పక్కన పెట్టింది. "సరేనండీ. పాప ఒక్కసారి నిజంగా నెడితే మన పని అయిపోతుంది" అని మాత్రం అంది.

"నెట్టు అమ్మడూ" అంది తల్లి. "ఎంత బలముంటే అంత."

పిల్ల నెట్టింది. కాలు కొంత దూరం వెళ్లి దానంతట అదే ఆగిపోయింది. మళ్లీ నెట్టింది, మళ్లీ ఆగింది. కళ్లనిండా నీళ్లు. "రావట్లేదు మేడం. ఆగిపోతోంది."

కాసేపాగి, ఎవరి వైపూ చూడకుండా అంది. "అమ్మ బయటుంటే వస్తుందేమో."

అంత మెత్తగా అన్న ఆ మాట తల్లికి చెంపదెబ్బలా తగిలింది. ఆమె తలుపు దగ్గరగా వేసి, బయట బెంచీ మీద కూర్చుంది. వచ్చేపోయే వాళ్ల కళ్లలోకి చూడలేక ఒళ్లో సీసా మీది అక్షరాలు చదువుతూ కూర్చుంది. ముందు చాలాసేపు ఏమీ వినపడలేదు. ఆ తర్వాత చంటి గొంతు, ఇందాకటి కోపం ఇంకా ఆరకుండానే, "తన్నవే! తన్నవే అక్కా! నన్ను చూడకు, ముందుకి చూడు!" అంది. ఆ తర్వాత ఇద్దరు పిల్లలూ ఫిజియో కలిసి పెట్టిన కేక.

బయటికొచ్చింది మొదట చంటే. "రెండొందల ఆరు" అన్నాడు, తల్లికి చెప్పాలని ఉండీ చెప్పాలని లేనట్టు. అక్క వెనకే వచ్చింది. తొడ మీద స్టిక్కర్ల గుర్తులు ఎర్రగా గుండ్రంగా పడి ఉన్నాయి. ముఖం కడుక్కున్నట్టుంది.

బస్సులో చంటి కిటికీ పక్కన కూర్చున్నాడు. సగం దారి పోయాక అడిగాడు. "నాన్న కూడా ఓడిపోయేవాడా?"

అబద్ధం చెప్పడానికి నోరు అలవాటుగా కదిలింది. దాన్ని ఆపుకుని, "ఊఁ" అంది తల్లి.

"నువ్వు?"

"నేనూ."

వాడు కిటికీ వైపు తిరిగాడు. "అయితే నాకు ఎవరూ ఇవ్వకుండా వచ్చింది ఎనభై నాలుగు ఒక్కటే అన్నమాట" అన్నాడు. కోపంగా అనలేదు, లెక్క చూసుకున్నట్టు అన్నాడు. ఆమెకి వాడి తల నిమరాలనిపించింది. ఆ ధైర్యం చాలలేదు.

ఇంకొకటుంది. అది ఎవరికీ తెలియదు. ఏడాది కిందట బడిలో ఆటల మాస్టారు ఆమెను ఆపి, "మీ పాపని పరుగుపందెం జట్టులోకి తీసుకుందామనుకుంటున్నాను" అన్నాడు. ఇంట్లో ఒక పిల్ల పతకాలు తెస్తుంటే, ఊతకర్రలతో ఒక పిల్లాడు వాటిని చూస్తూ కూర్చోవడం ఆమె కళ్ల ముందు కదిలింది. "దానికి ఆయాసం ఉంది మాస్టారూ, పరిగెత్తించకండి" అనేసింది. పిల్లకు ఆ మాటే చెప్పలేదు.

ఆ రాత్రి భర్తకు అంతా చెప్పింది. ఆయన అన్నం ముందు కూర్చుని విన్నాడు. "నేను కూడా ఆ మాటలే అన్నాను కదా పిల్లతో. నీ ఒక్కదానిదే ఎలా అవుతుంది?" అన్నాడు. ఆమె ఓదార్పు కోసం చెప్పలేదు. అందుకే ఆ మాట ఆమెకు ఎక్కడా అంటలేదు.

మర్నాడు దుకాణానికి వెళ్లే ముందు బడికి వెళ్లింది. ఆటల మాస్టారు సామాన్ల గదిలో బంతులకు గాలి కొడుతున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. "రండమ్మా. పాప ఆయాసం ఎలా ఉంది?"

అంత ఆప్యాయంగా అడిగేసరికి ఆమె దారిలో కూడబెట్టుకున్న మాటలన్నీ పోయాయి. "ఆయాసం లేదండీ. ఎప్పుడూ లేదు. నేను అబద్ధం చెప్పాను."

మాస్టారు చేతిలో పంపు అలాగే ఉండిపోయింది. "ఎందుకమ్మా?"

ఆమె చెప్పింది. నేల చూస్తూ చెప్పింది. ఆయన పంపు కింద పెట్టాడు. "నేను పాపని సగం రౌండుకే ఆపేసేవాణ్నమ్మా" అన్నాడు. "ఎక్కడ పడిపోతుందోనని. తోటిపిల్లలు నవ్వేవాళ్లు కూడా. ఈ ఏడాది జట్టు కుదిరిపోయింది, ఇప్పుడు ఒకర్ని తీసేసి చేర్చలేను. వచ్చే ఏడాది చూద్దాం."

బతిమాలడానికి ఆమెకు ముఖం చెల్లలేదు. నమస్కారం పెట్టి వచ్చేసింది.

సాయంత్రం కూతురు బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కూర్చుని చెప్పింది. పిల్ల మడతపెట్టడం ఆపలేదు. అంతా విన్నాక అడిగింది. "అంటే, నేను నెమ్మదిగా పరిగెత్తుతానని కాదా మాస్టారు ఆపేది?"

"కాదు."

"నన్ను తీసుకుంటానన్నారా? నిజంగా? ఏమన్నారు?"

"జట్టులోకి తీసుకుందామనుకుంటున్నానన్నారు. అడుగు మంచి పొడుగు పడుతుంది అన్నారు."

"ఇంకా?"

"నీలా పరిగెత్తేవాళ్లు తరగతిలో ఇంకెవరూ లేరన్నారు."

పిల్ల చేతిలో చొక్కా ఒళ్లో పడింది. తిడుతుందనుకుంది తల్లి, ఏడుస్తుందనుకుంది. తిట్టినా, ఏడ్చినా బాగుండేది. పిల్ల మెల్లిగా, "మొదటి నుంచి చెప్పమ్మా. ఎక్కడ ఆపారు నిన్ను? గేటు దగ్గరా?" అంది. తల్లి మొదటి నుంచి చెప్పింది. ఏడాదిగా తన దగ్గర దాచుకున్న పిల్ల సొత్తును ఒక్కొక్కటిగా తీసి దాని ముందు పెడుతున్నట్టుంది. ప్రతి మాటకీ ఆమె తల ఇంకాస్త కిందికి దిగింది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఇంట్లో ఆటలు లేవు. చంటి అక్కతో ఆడనన్నాడు. మళ్లీ వాడే దిగివచ్చి, "నిజంగా ఆడితేనే" అని ఒట్టు పెట్టించుకుని ఆడాడు. ఓడిపోయాడు, ఏడ్చాడు, అక్కను గిచ్చాడు, మర్నాడు మళ్లీ పిలిచాడు. ఆసుపత్రిలో నేర్పిన వ్యాయామాలు మాత్రం ఎవరూ చెప్పకుండానే చేస్తున్నాడు. అక్క పక్కన కూర్చుని వాడి తొడ వెనక చెయ్యి పెట్టి, "బ్రేకు తీయరా, బ్రేకు తీయ్" అంటుంది. తల్లి ఆ గదిలోకి వెళ్లేది కాదు.

మరుసటి ఏడాది పిల్లను జట్టులోకి తీసుకున్నారు. పోటీ రోజున మైదానం అంచున తాడు కట్టారు. చంటి కర్రలు రెండూ తండ్రికిచ్చి, తాడు పట్టుకుని నిలబడి, గొంతు చించుకుంటున్నాడు. "తన్నవే అక్కా! తన్నవే!" చుట్టూ తల్లులందరూ తమ పిల్లల పేర్లు పెట్టి అరుస్తున్నారు. ఆమె కూడా నోరు తెరిచింది. కానీ ఆ పిల్లను గెలవమని అరిచే హక్కు తనకెక్కడిది? తాడు వెనక చేతులు కట్టుకుని నిలబడిపోయింది.

పిల్ల రెండోదిగా వచ్చింది. రొప్పుతూ నేరుగా తమ్ముడి దగ్గరికి పరిగెత్తింది. వాడు దాని జడ పట్టుకుని లాగి, "రెండోదా! ఇంకాస్త తన్నుంటే!" అని తిట్టాడు. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు కాస్త తగ్గాక పిల్ల తల్లి వైపు తిరిగింది.

"చూశావా అమ్మా?"

"చూశాను" అంది ఆమె.

ఇంకేమైనా అంటుందేమోనని పిల్ల ఒక్క నిమిషం ఆగింది. ఆమె కొంగుతో కూతురి ముఖం మీది చెమట తుడవడానికి చెయ్యి చాపింది. పిల్ల కదలకుండా నిలబడి తుడిపించుకుంది.